మన గుంటడిని ఇచ్చాం, బుగతని పంపారు

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దళిత క్రైస్తవుల సదస్సులో చేసిన ఉపన్యాసం. మాట్లాడింది మాట్లాడినట్టుగానే, కొంచెం కుదించి ఇస్తున్నాం.)



ఫాదర్ల గురించి మనం మాట్లాడుకోమా అంటే, మాట్లాడుకుంటాం. ఉపాధి పని కాడ మాట్లాడుకుంటాం, బోరింగు కాడ మాట్లాడుకుంటాం, చావు ఇంటి అరుగు మీద మాట్లాడుకుంటాం. సభలో మాత్రం మాట్లాడం. గురువుని అంటే దేవుణ్ణి అన్నట్టేనని చిన్నప్పుడే మన నోటికి తాళం వేశారు. ఇవాళ ఆ తాళం తీద్దాం.

నేను ఏ ఫాదరు పేరూ ఎత్తను. ఫలానాయన మంచోడు, ఫలానాయన కోపిష్ఠి అన్న లెక్క ప్రతి విచారణలోనూ ఉన్నదే. ఒకాయన వస్తాడు. బండేసుకుని పల్లెలోకి వచ్చి జొరం మనిషి మంచం మీద కూర్చుంటాడు, గంజి ఇస్తే తాగుతాడు. నాలుగేళ్ళు ఉండి బదిలీ అయిపోతాడు. ఇంకొకాయన వస్తాడు. ఆయన మొదట చేసే పని బంగళాకి గేటు పెట్టించడం. మన ఖర్మ అనుకుంటాం. ఖర్మ అనే మాట క్రైస్తవుడి నోట్లోంచి ఎలా వస్తుందో గానీ, వస్తుంది. పైరు పాడయితే ఆకు పట్టుకుని ఏడవం కదా. విత్తనం ఎక్కడిది, నారు ఎవరు పోశారు అని అడుగుతాం. సెమినరీ అన్న మాట లాటిన్ లోంచి వచ్చింది. దాని అసలు అర్థం నారుమడే. ఇవాళ నేను మాట్లాడేది ఆ మడి సంగతి.

ఆ మడి పాతది. 1563లో ట్రెంటు మహాసభ ప్రతి మేత్రాసనంలోనూ గురువుల్ని తయారుచేసే విద్యాలయం ఉండాలని తీర్మానించింది. అప్పటికి ఐరోపాలో చదువు రాని గురువులు, డబ్బిచ్చి కొనుక్కున్న పదవులు. ఆ రోత కడగడానికే ఆ తీర్మానం. అందులో ఒక ముక్క మనకి ఎవరూ చదివి వినిపించలేదు. ముఖ్యంగా పేదల కొడుకుల్ని చేర్చుకోవాలని అందులో ఉంది. ఉన్నవాళ్ళ పిల్లలు కావాలంటే సొంత ఖర్చుతో చదవొచ్చు. అంటే మన గుంటల్ని సెమినరీలో చేర్చుకోవడం ఎవరి దయా కాదు. నాలుగున్నర వందల ఏళ్ళ కిందటి తీర్మానం అది.

మన వైపుకి 1846లో ఆనెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చి విశాఖపట్నంలో దిగారు. 1886కి అది మేత్రాసనం అయింది. శ్రీకాకుళం మేత్రాసనం 1993 జూలై 1న విడిగా ఏర్పడింది. ముందు తెల్ల ఫాదర్లు, తరవాత కేరళ ఫాదర్లు, కృష్ణా గుంటూరు ఫాదర్లు. మన మాలపల్లి, పైడి వీధి, రెల్లి వీధి గుంటలు తెల్ల అంగీ వేసుకోవడం చాలా ఆలస్యంగా జరిగిన సంగతి. వేసుకున్నరోజు మనం డప్పులు కొట్టాం, టపాసులు కాల్చాం. కాల్చాలి కూడా. అయితే ఆ గుంటడికి మధ్యలో ఏమయిందో చూద్దాం.

పదో తరగతి పరీక్షలు అయ్యాక దైవపిలుపు క్యాంపు అని పెడతారు. తండ్రి ఇటికల బట్టీకో, విజయవాడ తాపీ పనికో వలస పోయి ఉంటాడు. ఇంట్లో ఒక్క గది. క్యాంపులో ఫ్యాను, చదువుకునే బల్ల, మూడు పూటలా అన్నం, ఇంగ్లీషు మాట. ఆ గుంటడికి దేవుడు పిలిచాడా, అన్నం పిలిచిందా? రెండూ పిలిచి ఉండొచ్చు. అందులో సిగ్గుపడాల్సింది వాడు కాదు. వాడికి ఇంకో దారి చూపించని ఊరూ సర్కారూ సిగ్గుపడాలి.

అక్కడ నుంచి లెక్కేసుకోండి. చిన్న సెమినరీలో ఇంటరు. ఒక ఏడు ప్రార్థనల శిక్షణ. కొండడాబాలోనో ఏలూరు దగ్గర జానంపేటలోనో తత్వశాస్త్రం. రీజెన్సీ అని ఒక ఏడు ఎవరో ఫాదరు చేతికింద. ఆ పైన హైదరాబాదు రామంతాపూర్‌లోనో ఇంకోచోటో నాలుగేళ్ళు దైవశాస్త్రం. పదహారేళ్ళకి పోయినవాడు ఇరవయ్యెనిమిదికి తిరిగొస్తాడు. ఈ పన్నెండేళ్ళూ గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం. బియ్యం ఎంతకొచ్చిందో తెలీదు. కరెంటు బిల్లు ఎవరు కట్టారో తెలీదు. ఆడమనిషితో తగువుపడి మళ్ళీ కలిసి కూర్చుని అన్నం తినడం అంటే ఏటో తెలీదు. చంటిపిల్లాడు రాత్రంతా ఏడిస్తే ఇల్లు ఎలా ఉంటుందో తెలీదు. పైవాడికి ఒదిగి ఉండడం మాత్రం బాగా వస్తుంది. రెక్టరుకి ఎదురు చెప్పినవాడు ఇంటికి పోతాడు, చెప్పనివాడు గురువు అవుతాడు. పన్నెండేళ్ళు వంగి వంగి ఉన్నవాడికి ఒక్కరోజులో ఒక విచారణ, ఒక బండి, ఒక బీరువా తాళంచెవి చేతికిస్తే ఏం చేస్తాడు? ఎదటోళ్ళని వంగమంటాడు. వాడు నేర్చిన పాఠం అదొక్కటే.

గురుపట్టాభిషేకం నాడు కన్నతల్లి మోకాళ్ళ మీద కూర్చుని కొడుకు చేతులు ముద్దుపెట్టుకుంటుంది. మనకి కళ్ళమ్మట నీళ్ళు తిరుగుతాయి. ఆ మరునాటి నుంచి ఆ తల్లి వాణ్ణి ఒరే అనదు. ఫాదరు గారూ అంటుంది. వాడు కుర్చీలో కూర్చుంటే ఆవిడ గుమ్మం కాడ నిలబడుతుంది. "మావోడే బాబూ, గానీ ఇప్పుడు దేవుడి మడిసి, మనింట్లో నీల్లు కూడా తాగడు, సీసా నీల్లే" అని నాతో ఒక ముసలమ్మ చెప్పింది. గొప్పగానే చెప్పింది. వింటున్న నాకు మాత్రం వెనకటి రోజుల్లో మన నీళ్ళు తాగనివాళ్ళు ఎవరో గుర్తొచ్చారు.

మధ్యలో వచ్చీసినవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. పదిమంది పోతే గురువు అయ్యేది ఏ ఒకరో ఇద్దరో. తక్కినవాళ్ళు ఏమయ్యారు? ఎనిమిదేళ్ళు చదివినవాణ్ణి ఒక ఉత్తరం ముక్కతో ఇంటికి పంపితే, ఊళ్ళో వాడి పేరు 'సెమినరీ నుంచి తగిలేసినోడు'. తత్వశాస్త్రం చదివాడు, ఆ కాగితం చూపిస్తే ఏ ఆఫీసులోనూ ప్యూను ఉద్యోగం రాదు. దూరవిద్యలో డిగ్రీ కట్టించినచోట కొంత నయం. కట్టించనిచోట వాడు ఇరవయ్యయిదేళ్ళకి మళ్ళీ ఇంటరు దగ్గర మొదలెట్టాలి. పొలం పనికి చేతులు ఒప్పవు, మాటేమో ఇంగ్లీషు. నాకు తెలిసిన ఇలాంటి కుర్రాళ్ళలో కొందరు హైదరాబాదులో వాచ్‌మన్ పని చేస్తున్నారు. ఒకడు తాగుడికి పడ్డాడు. వీళ్ళని కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఎవరిది? తిరుసభ వీళ్ళ పేరు రిజిస్టర్లో కొట్టేసి ఊరుకుంటుంది.

చదువు మాట చూద్దాం. అరిస్టాటిల్ చెప్తారు, అక్వినాసు చెప్తారు. చెప్పొద్దు అననూ. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఏం జరిగిందో చెప్తారా? అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరు కింద మిగిలిన భూమి దున్నుకున్నందుకు మన మాలలు ఐదుగుర్ని నరికి చంపారు. నేను ముగ్గురు నలుగురు బ్రదర్లని అడిగాను. ఒకడికి పేరు తెలుసు. తక్కినవాళ్ళకి అదీ తెలీదు. 1985 కారంచేడు, 1991 చుండూరు అడగనే లేదు, ఏం అడుగుతాం. రేపు ఇలాంటి పల్లెకే వాడు గురువుగా వస్తాడు. శవాల ముందు నిలబడి శాంతి కలిగి ఉండండి అని చెప్పడం తప్ప వాడికి ఇంకో మాట రాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం 1989లో వచ్చిందని, కేసు ఎలా కట్టించాలో, 1950 ఉత్తర్వు వల్ల క్రైస్తవుడని రాసుకున్న దళితుడికి ఆ చట్టం దగ్గర ఎలాంటి అడ్డు వస్తుందో వాడికి ఎవరూ చెప్పలేదు. సర్కారు మనల్ని బీసీ-సీ అని ఒక్క శాతం గూట్లో పెట్టింది. స్మశానం దగ్గరికి వస్తే మాత్రం మన కులం అందరికీ గుర్తుంటుంది. ఈ రెండు దెబ్బల మధ్య బతికే మనుషులకి గురువు కావలసినవాడు ఈ రెండు దెబ్బల గురించి ఒక్క పరీక్షా రాయకుండా పాసవుతున్నాడు.

తిరుసభ పెద్దలకి తెలీక కాదు. కులవివక్ష దేవుడి పట్లా మనిషి పట్లా పాపమని కథోలిక మేత్రాణుల సమాఖ్య 1982లోనే తిరుచిరాపల్లిలో అంది. 2016 డిసెంబరులో దళితుల సాధికారత కోసం విధానపత్రమే వేసింది. కాగితాలకి కొరత లేదు. ప్రొటెస్టెంటుల్లో అరవింద్ నిర్మల్ 1981లో బెంగళూరు కళాశాలలో ఉపన్యాసం ఇచ్చి దళిత వేదాంతానికి దారి తీశాడు. అంబేద్కర్ అయితే అంతకు ముందే, మతం మారిన అంటరానివాడి స్థితి గురించి రాస్తూ, మిషన్ కాలేజీలూ ఆస్పత్రులూ పైకులాలకి పనికొచ్చినంతగా క్రైస్తవులైన మనవాళ్ళకి పనికిరాలేదని లెక్క చెప్పాడు. సెమినరీ లైబ్రరీలో ఆ సంపుటాలు ఉంటే ఉంటాయి. పరీక్షలో ప్రశ్నగా రావాలి కదా.

ఆయన చెప్పిన ఆ లెక్క ఇప్పటికీ మన కళ్ళముందు ఉంది. విచారణకి వచ్చిన ఫాదరుకి ముందు దొరికే పదవి కరస్పాండెంటు. ఇంగ్లీషు మీడియం స్కూలు. ఫీజు కట్టగలిగిన బుగతల పిల్లలు ముందు బెంచీలో. మనవాళ్ళు ఎక్కడున్నారు? ఆయా, వాచ్‌మన్, బస్సు క్లీనరు, వంటమనిషి. పీఎఫ్ కడుతున్నారా అని అడిగిన ఆయాని మరునాడు రావద్దంటారు. పొద్దున్న ఆరింటికి పూజ, తరవాత రోజంతా ఫీజుల పుస్తకం. ఫాదరుని కలవాలంటే ఆఫీసు కిటికీ కాడ నిలబడాలి. మేనేజరు పని చేయడానికి పన్నెండేళ్ళ దైవశాస్త్రం దేనికి? ఊళ్ళు తిరిగేది ఎవరంటే ఉపదేశి. ప్రార్థన నేర్పేది ఆయన, అర్ధరాత్రి శవం దగ్గర కూర్చునేది ఆయన, తగువు తీర్చేది ఆయన. ఆయనకిచ్చే జీతం చెప్పుకుంటే సిగ్గు. సెమినరీ వాళ్ళు ఒక కుర్రాణ్ణి గురువుగా చేసేముందు ఈ ఉపదేశిని పిలిచి, వీడు ఎలాంటివాడు అని అడిగిన రోజు ఉందా?

మనవాళ్ళు ఎందుకు పల్లెలో పాస్టరు దగ్గరికి పోతున్నారని ఫాదర్లు బాధపడతారు. పాస్టర్లు అందరూ గొప్పోళ్ళని నేను అనను, దశమభాగాల కథలు వాళ్ళకీ ఉన్నాయి. కానీ ఆయన పాక మన పాక పక్కనే. ఆయన భార్య మన ఆడవాళ్ళతో పాటే బోరింగు కాడ నిలబడుతుంది. బొబ్బిలి, పాలకొండ వైపు కెనడా బాప్తిస్టుల సంఘాల్లో పాస్టరు కావాలో వద్దో సంఘమే చెప్పుకునే పద్ధతి ఉంది. మనకి బదిలీ అయి వచ్చినవాడే గురువు, వద్దనడానికి లేదు.

ఇక కులం. మన మనిషి పైకి వస్తే అంతా మారుతుందని కొంతమంది అన్నలు అంటారు. 1976లో ములగాడ జాన్ ఏలూరు మేత్రాణులయ్యారు. దేశంలో తొలి దళిత మేత్రాణులని ఆయన్ని చెప్పుకుంటారు. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు అగ్రపీఠానికి వచ్చారు. 2022 ఆగస్టులో పూల అంతోని కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి మొదటాయన. ఇవి చిన్న సంగతులు కావు, గర్వపడతాం. అదే తిరుసభలో 2016 ఏప్రిల్‌లో కడప మేత్రాణుల్ని, దళితుణ్ణి, కారులోంచి లాక్కుపోయి కొట్టారు. పోలీసులు అరెస్టు చేసినవాళ్ళలో ముగ్గురు గురువులు ఉన్నారు. అంగీ కింద కులం చావలేదు. పదిపన్నెండేళ్ళు ఒకే బల్ల మీద అన్నం తిన్నవాళ్ళకి కులం పోలేదంటే ఆ బల్ల దగ్గర కులం గురించి ఎవరూ నోరెత్తలేదన్నమాట. బదిలీలప్పుడు, పదవులప్పుడు మాత్రం అందరూ కులం లెక్కే వేస్తారు. మనలో మనకీ ఉంది. మాల ఫాదరుకి రెల్లి వీధి దూరం కాకూడదు. అది కూడా ఇక్కడే చెప్పాలి.

మన గుంటడే ఫాదరై వచ్చి మన మీదే అరుస్తున్నప్పుడు అందుకే నాకు ఆశ్చర్యం వేయదు. కుర్చీలో కూర్చున్న మనిషి మారాడు. కూర్చోవడం ఎలాగో నేర్పిన బడి మారలేదు.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. సెమినరీలో ఆ కుర్రాళ్ళకి కనిపించే ఆడమనిషి ఎవరు? వంటకి వచ్చే అమ్మ, బట్టలు ఉతికే అమ్మ. పాఠం చెప్పే ఆడమనిషి ఏ ఒక్కరో. అందుకే వాడికి ఆడమనిషి అంటే ఒకటి సేవ చేసేది, లేకపోతే భయపడాల్సింది. సిస్టర్లు డిస్పెన్సరీ నడుపుతారు, బడి నడుపుతారు, ఫాదరుకి క్యారేజీ కూడా పంపుతారు. విచారణ నిర్ణయాల్లో వాళ్ళ మాటకి విలువ లేదు. 2016 డిసెంబరులో రోము ఇచ్చిన కొత్త శిక్షణ నియమావళి గురువుల తయారీలో స్త్రీలు పాలుపంచుకోవడం మంచిదని చెప్పింది. 2024 అక్టోబరు సినడు చివరి పత్రం ఇంకా గట్టిగా అడిగింది. మన వైపు సెమినరీల్లో ఎంతమంది ఆడవాళ్ళు పాఠం చెప్తున్నారో అడగడం తప్పు కాదు.

పిల్లల జోలికి, ఆడవాళ్ళ జోలికి వచ్చినవాడి విషయంలో బదిలీతో సరిపెట్టడం ఇక వద్దు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద నేరం జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. విచారణ పరువు, మతం పరువు అన్న మాట ఆ చట్టంలో లేదు. 2019లో పోపు ఫ్రాన్సిస్ కూడా ప్రతి మేత్రాసనంలో ఫిర్యాదు చెప్పుకునే చోటు ఉండాలని, ఫిర్యాదు చేసినవాళ్ళని వేధించకూడదని శాసనం చేశారు. ఆ చోటు ఎక్కడుందో మన పల్లెల్లో గుడి గోడ మీద రాసి పెట్టమందాం.

ఇప్పుడు ఒక పెద్దాయన లేచి అంటాడు, తెలుసు నాకు. "బాబూ, అవతల కాషాయపోళ్ళు మన గుడులు కూలగొడదామని సూత్తన్నారు, 2008లో కందమాల్లో ఏటి సేసినారో మరిసిపోనావా, ఇప్పుడు మన ఇంటి గొడవ వీదిలో పెడతావా?" మర్చిపోలేదు. కందమాల్ మనకి కొండలవతలే. అక్కడ తిరుసభ కోసం దెబ్బలు తిన్నది ఎక్కువగా పాణో దళితులూ కంధ ఆదివాసులూనే. తిరుసభ మీద దెబ్బపడితే ముందు విరిగేది మన తల. తల మనదైనప్పుడు మాటా మనదే అవ్వాలి. కాషాయపోడు మనల్ని కులంలోకి రమ్మంటాడు. మనం అడుగుతున్నది కులం పోవాలని. ఈ రెండూ ఒకటేనని చెప్పేవాడు గేటు లోపల కూర్చున్నవాడే.

ఏం అడగాలి అంటే, కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. వాళ్ళ శాసనగ్రంథం 1983లో వచ్చింది, అందులోనే ఉంది. 1287వ నియమం: విశ్వాసులు ఇచ్చిన కానుకలకి విశ్వాసులకే లెక్క చెప్పాలి. 537: ప్రతి విచారణలోనూ ఆర్థిక సంఘం ఉండి తీరాలి. మీ విచారణలో ఉందా? ఎవరెవరు అందులో? ఆడమనిషి ఒక్కరైనా ఉన్నారా? చందా బాకీ ఉందని శవాన్ని ఆపిన కథలు మనకి తెలుసు. 1181 ప్రకారం పేదవాడికి సరైన భూస్థాపన దక్కకుండా పోకూడదు. 848 ప్రకారం పేదరికం వల్ల జ్ఞానస్నానం, పెళ్ళి, ఏ సంస్కారమూ ఆగకూడదు. నంబర్లు కంఠతా పట్టండి. ఫాదరు ముందు నంబరు చెప్పి చూడండి, ఆయన మాట తీరు ఎలా మారుతుందో.

శిక్షణ విషయంలో 235వ నియమం చూడండి. కుర్రాడు శిక్షణ కాలమంతా సెమినరీలో ఉండాలి, కానీ పరిస్థితుల్ని బట్టి మేత్రాణులు అవసరమనుకుంటే కనీసం నాలుగేళ్ళు ఉన్నా చాలు. మిగిలిన కాలం ఒక మంచి గురువు కనుసన్నల్లో బయట ఉండొచ్చు. అంటే పన్నెండేళ్ళు గోడల మధ్య పెట్టాలని దేవుడూ చెప్పలేదు, రోమూ చెప్పలేదు. ఆ కుర్రాడు రెండేళ్ళు పల్లెలో ఉండనీ. బంగళాలో కాదు, ఉపదేశి ఇంటి పక్కన గదిలో. నాట్లకి రానీ, రేషను లైనులో నిలబడనీ, కలెక్టరు గ్రీవెన్సుకి మనతో అర్జీ పట్టుకుని రానీ. ఆ రెండేళ్ళయ్యాక వాడు పనికొస్తాడో లేదో పల్లెని అడగాలి, ఆడవాళ్ళని విడిగా అడగాలి. పట్టాభిషేకానికి అడ్డు వచ్చే సంగతి ఏదైనా తెలిస్తే ముందే చెప్పి తీరాలని 1043వ నియమం విశ్వాసులందరి మీదా బాధ్యత పెట్టింది. పట్టాభిషేకం కార్డు వచ్చాక పలావు తినడానికి పోవడం తప్ప మనల్ని ఎవరూ ఏదీ అడగడం లేదు. ఇక ముందు అడగాలి. మధ్యలో వచ్చీసిన కుర్రాడికి డిగ్రీ చేతిలో పెట్టి పంపాలి, ఏదైనా పని దొరికేదాకా చూడాలి.

ఫాదరు వస్తే దండ వేయడం, కాళ్ళు కడగడం, కోడిని కోయడం మీ ఇష్టం, అతిథికి చేసే మర్యాద మన పల్లెల్లో ఎప్పుడూ ఉంది. కుర్చీ వేస్తే మాత్రం రెండు వెయ్యండి. ఒకటి ఫాదరుకి, ఒకటి ఉపదేశికి.

వేసవి సెలవలకి బ్రదర్లు ఇళ్ళకి వస్తారు. వాళ్ళు మన పిల్లలే. శత్రువుల్లా చూడొద్దు, కూర్చోబెట్టి లక్ష్మీపేట కథ చెప్పండి, తీసుకెళ్ళి ఆ నేల చూపించండి. మేత్రాణుల వారికి ఇవ్వాల్సిన అర్జీ రాసి ఉంచాం. నేను చెప్పిన నంబర్లన్నీ అందులో ఉన్నాయి. ఒక్కసారి చదివి వినిపిస్తారు, ఎవరికైనా మార్పులు ఉంటే ఇప్పుడే చెప్పండి. ఉపదేశులు ముందు సంతకం పెడతామన్నారు. వేలిముద్ర వేసేవాళ్ళకి ఇంకు ప్యాడు ఆ చివర బల్ల మీద ఉంది.